రాగి అడుగు కింద పేరు

1వ రోజు, సోమవారం

దక్షిణ ఖండానికి వెళ్ళాలనుకునే ప్రతి మనిషీ నలభై రోజుల్లో కనీసం పన్నెండుసార్లు సొంత చేతిరాతతో దినచర్య రాసి ఇవ్వాలట. యంత్రాలు మనుషుల పేర్లతో దరఖాస్తులు పెట్టేస్తున్నాయని ఈ నియమం తెచ్చారు. నేను ఐదో తరగతి దాకా చదివాను. ఆ ఏడాది వానల్లో మా బడి సముద్రంలో కలిసిపోయింది, మళ్ళీ ఎక్కడా కట్టలేదు.

ఏం రాయాలో తెలియక సామర్లకోట రేవులో వలస కార్యాలయానికి వెళ్ళి, కౌంటర్లో ఉండే పట్టాభిగారిని అడిగాను. మొదటిసారి ఆయనకి వినపడలేదు. రెండోసారీ వినపడలేదు.

"గట్టిగా అడగండమ్మా. మీ వెనకాల తొంభై మంది ఉన్నారు" అన్నారు.

మూడోసారి వెనకావిడ నా తరఫున అడిగి పెట్టింది.

"ఏదో ఒకటి రాసెయ్యండి. ఎవరూ చదవరు. చెయ్యి కదిలిందా లేదా అని చూస్తారంతే" అన్నారాయన.

అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నా పేరు గుత్తుల వీరవేణి. మా ఆయన దొరబాబు పైపుల వెల్డరు. నిరుడు మంచు విడిచిన కాలంలో దక్షిణానికి వెళ్ళారు. ఓడ ఏడాదికి ఒక్కసారే వెళుతుంది. ఈసారి నలభై ఒకటో రోజున. ఆ లోపల నాకు నివాస పత్రం రాకపోతే ఆయనకిచ్చిన సంసారం గది ఇంకొకరికి ఇచ్చేసి, ఆయన్ని పన్నెండు మంచాల హాల్లో పడేస్తారు. ఇంక ఒప్పందం అయ్యేదాకా, అంటే ఐదేళ్ళు, భార్యని పిలిపించుకునే వీలుండదు.

5వ రోజు, శుక్రవారం

పొగమంచు వలల్లో పట్టిన నీళ్ళు వడకట్టుకుని, తెల్లవారగానే పెట్టె సర్దాను. ఒక మనిషికి ఒక పెట్టె, తొంభై కేజీలు. బట్టలు అక్కడ వాళ్ళే ఇస్తారు. మా ఆయన అడిగింది గిన్నెలు. అక్కడ గిన్నెలు, గ్లాసులు అన్నీ నాచుతో అచ్చుపోసినవేనట. "టీ తాగితే చేపల బజారు తాగినట్టుంటుంది వేణీ, మన స్టీలు సామాను పట్టుకురా" అన్నారు. పెళ్ళికి వచ్చినవి ముప్పై ఎనిమిది ఉన్నాయి. తోమి, తుడిచి, ఒకదాంట్లో ఒకటి పెట్టి సర్దాను.

పెట్టెని కన్నుగదిలో పెట్టాలి. పేరుకి గది గానీ, అది మూత తీయకుండానే లోపలిదంతా చూసే పెద్ద యంత్రం. నా వంతు వచ్చేసరికి పదయింది. ఎండ సైరన్ మోగింది. కిటికీలు మూసేశారు. సైరన్ మోగితే ఆ రోజు టోకెన్లు చెల్లవట. ఆ మాట టోకెన్ వెనకాల రాసే ఉంది, చీమ తలకాయంత అక్షరాలతో.

6వ రోజు, శనివారం

ఈవేళ నాలుగింటికే వెళ్ళి కూర్చున్నాను. పెట్టె లోపలికి వెళ్ళి వచ్చింది. తర్వాత యంత్రం నన్ను ప్రశ్నలు అడిగింది. దాని తెలుగు పాత పుస్తకాల్లోలా ఉంటుంది.

"ఈ వస్తువులు మీ సొంతమా? స్పష్టముగా పలుకుము."

"అవునండి" అన్నాను.

"వినబడలేదు. మరల పలుకుము."

అలా నాలుగుసార్లు. చివరికి వినపడింది. వినపడ్డాక నమ్మలేదు. ముప్పై ఎనిమిది గిన్నెల మీద ఇరవై తొమ్మిది మంది పేర్లున్నాయని, వాటిలో ఒక్కటీ నా పేరు కాదని, ఇవి పరాయి సొత్తు అని కాగితం కక్కింది.

పట్టాభిగారు ఆ కాగితం చూసి తల పట్టుకున్నారు.

"కానుకిచ్చేవాళ్ళు గిన్నె మీద పేరు వేయించి ఇస్తారని ఆ మిషనుకి తెలీదమ్మా. దాన్ని చేసినవాళ్ళ దేశంలో వస్తువు మీద ఎవరి పేరుంటే వాళ్ళదే అది."

"పేర్లు అరగదీయించేస్తేనో?"

"కన్ను చూడకముందైతే పర్లేదు. ఇప్పుడు అరగదీస్తే దాచినట్టు రాసుకుంటుంది."

"పోనీ గిన్నెలు వదిలేసి వెళ్ళిపోతానండి."

"పెట్టె, మనిషి ఒకే దరఖాస్తు. పెట్టె ఆగితే మీరూ ఆగుతారు. ఆ ఇరవై తొమ్మిది మంది చేతా 'ఇచ్చేశాము' అని వేలిముద్ర వేయించి తీసుకురండి. తొమ్మిదో ఫారం. ఒక్కొక్కరికి మూడేసి ప్రతులు."

ఎనభై ఏడు ఫారాలు. మోసుకుంటూ ఇంటికి వచ్చేసరికి చేతులు పడిపోయాయి.

7వ రోజు, ఆదివారం

ఆదివారం పొద్దున్న మా ఆయన ఫోను. వారానికి పదకొండు నిమిషాలు. సంగతి చెబితే నవ్వారు.

"మనాళ్ళ పేర్ల పిచ్చి అక్కడిదాకా వచ్చిందన్నమాట. తిరుగు వేణీ, ఎవరు కాదంటారు?"

తిరిగేది నేను కదా, ఆయనకి నవ్వొచ్చింది.

12వ రోజు, శుక్రవారం

ఇరవై ఒక్క మంది అయ్యారు. ఒకరింటికి వెళ్ళి నోరు తెరిచి అడగడానికి నాకు ప్రాణం పోయినంత పనవుతుంది. గుమ్మంలో నిలబడి చెంగు మెలిపెడుతూ ఉంటే వాళ్ళే "ఏంటమ్మా" అని అడగాలి.

మా ఆయన పెద్దమ్మ ఫారం చదివించుకుని నన్ను నిలదీసింది. "ఇందులో గిన్నె అని రాసుంది. నేనిచ్చింది గుండిగ. నా గుండిగేం చేశారు?"

గుండిగ పెట్టెలో పట్టదు పెద్దత్తా, మూత ఒక్కటే తీసుకెళుతున్నాను అని చెప్పాను. మూత వేరు చేసి పట్టుకెళ్ళడం అశుభమని గంటసేపు ఉపన్యాసం చెప్పి, అప్పుడు వేలు పెట్టింది. అదీ పసుపు చేత్తో. ముద్ర చెల్లదని మళ్ళీ పంపారు.

చనిపోయినవాళ్ళు ఇద్దరు. వాళ్ళ పిల్లలు వేయాలి. ఒకాయన కొడుకులు నలుగురూ మాట్లాడుకోరు. గ్లాసు ఒక్కటే, వేలిముద్రలు నాలుగు, నాలుగు ఊళ్ళు, మూడు పడవలు.

ఒక గరిటె మీద మాత్రం "సత్యనారాయణస్వామి అన్నదాన సత్రం" అని ఉంది. పెళ్ళినాడు వంటవాళ్ళ సామానులో కలిసి మా ఇంటికొచ్చేసినట్టుంది. ఐదేళ్ళుగా దాంతోనే పప్పు వడ్డిస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోతూ సత్రానికి పట్టుకెళ్ళాను. అక్కడి ముసలాయన తిప్పి తిప్పి చూసి, "ఇంకోటి కూడా ఉండాలే" అన్నాడు.

16వ రోజు, మంగళవారం

సత్రం గరిటె తీసేసినట్టు రాయించాను. మిగిలిన ఇరవై ఎనిమిదిలో ఇరవై ఏడింటికి ముద్రలున్నాయి. ఆ మిగిలిన ఒక్క పేరూ ఎవరిదో నాకు అర్థం కాలేదు. కాగితం మీద "వస్తువు 31, తపేలా, పేరు అడుగున" అని ఉంది. నా తపేలాకి అడుగున పేరేమీ లేదు. రాగి అడుగు తళతళలాడుతూ ఉంటుంది.

పట్టాభిగారు తెర నావైపు తిప్పారు. రాగి రేకు కింద, స్టీలు మీద, చుక్కలు చుక్కలుగా అక్షరాలు కనపడ్డాయి.

"చి. దొరబాబు, చి.ల.సౌ. నూకరత్నం వివాహ సందర్భంగా, భాగ్యవతి."

కింద తారీకు. మా పెళ్ళికి మూడేళ్ళ ముందుది.

భాగ్యవతి మా ఆయన అక్క. నూకరత్నం ఎవరో నాకు తెలియదు.

యంత్రం ఇంకో కాగితం కక్కింది. "పనివానికి మరియొక భార్య కలదు. ఒక పనివానికి ఒక్క భార్యకు మాత్రమే నివాసము. దరఖాస్తు నిలిపివేయబడినది."

పట్టాభిగారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. తర్వాత గొంతు తగ్గించి, "జరిగిన పెళ్ళికి సర్టిఫికెట్ ఉంటుంది. జరగని పెళ్ళికి ఎవరిస్తారమ్మా" అన్నారు. నాకే తెలియని సంగతికి నేనేం సమాధానం చెప్పను. వెనక లైన్లో ఉన్నవాళ్ళంతా తెర చదివేశారు. చదువు రానివాళ్ళకి పక్కవాళ్ళు చదివి వినిపించారు.

17వ రోజు, బుధవారం

వదిన ఇంటికి వెళ్ళాను. ఉప్పునీళ్ళలో పండే ఉప్పువరి దంచుతోంది. కాగితం చూపించాను. రోకలి ఆపలేదు.

"పెళ్ళి కాలేదే వేణీ. నాల్రోజులుందనగా ఆగిపోయింది. నేనప్పటికే పేర్లు వేయించేశాను."

"మరి నాకెందుకిచ్చారు వదినా, అది?"

"అంత దళసరి తపేలా మళ్ళీ దొరుకుతాదా? మూడేళ్ళు అటకమీద పెట్టి ఏం చేసుకోను? పేరు కనపడకుండా రాగి అడుగు వేయించాను. నీకు మంచిదే కదా, మాడదు."

"నాకు చెప్పలేదు."

"చెప్తే అందులో వండుతావా?" రోకలి అప్పుడు ఆపింది. "రేకు లోపల్దాకా చూసే మిషనొస్తాదని నేనేమన్నా కలగన్నానా? తమ్ముడు చెప్పుకోవాల్సింది నేనెందుకు చెప్తాను?"

పెళ్ళి ఎందుకు ఆగిందంటే మాత్రం, "అది వాణ్ణే అడుగు" అని బియ్యం చెరగడం మొదలెట్టింది.

21వ రోజు, ఆదివారం

అడిగాను. మాట దక్షిణానికి వెళ్ళి రావడానికి కొంచెం ఆలస్యమవుతుంది. ఈవేళ ఆ ఆలస్యం ఇంకాస్త ఎక్కువైంది.

"జాతకాలు కుదరలేదు వేణీ. ఎప్పటి సంగతో. నీకు చెప్పేంతది కాదని ఊరుకున్నాను."

పట్టాభిగారు కనుక్కుని చెప్పిన దారి ఆయనకి చెప్పాను. ఆయన అక్కడి కౌంటర్లో, ఆ నూకరత్నం ఇక్కడి కౌంటర్లో, పెళ్ళి జరగలేదని, ఎందుకు జరగలేదో కారణంతో సహా చెప్పాలి. రెండు మాటలూ కలవాలి. కలవకపోతే దిద్దుకోవడానికి ఒక్క అవకాశం ఇస్తారు.

"రేపే చెప్పేస్తాను. అదెంత పని" అన్నారు.

23వ రోజు, మంగళవారం

నూకరత్నం పాత కాకినాడ మీద పడవ నడుపుతుందని తెలిసింది. మునిగిన మేడల్లోంచి రాగి తీగలు, కిటికీ చువ్వలు తీసి అమ్ముతారు. వదినని తోడు రమ్మంటే, "నా మొహం దానికెలా చూపిస్తానే" అంది. ఒక్కదాన్నే వెళ్ళాను.

గెడ వేసుకుని నిలబడి ఉంది. నాకన్నా పదేళ్ళు పెద్దదేమో. నేను ఎప్పటిలాగే గట్టున నిలబడిపోయాను. ఆవిడ మూడు మూటలు దింపుకుని, అప్పుడు అడిగింది.

"ఏమ్మా, రాగి కావాలా? ఇనుమా?"

నేను కాగితం ఇచ్చాను. చదివింది. గట్టిగా నవ్వింది. పడవ ఊగింది.

"నా పేరు మీద తపేలా ఉందా? ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదే. బాగుందా?"

"మాడదండి" అన్నాను.

"మాడదటా." మళ్ళీ నవ్వింది. "వస్తాలే అమ్మాయ్. ఎల్లుండి. నీ మొహం చూస్తే కాదనబుద్ధి కావట్లేదు. కానీ నేను ఉన్నదే చెప్తాను."

ఉన్నది ఏమిటో అక్కడే అడిగి ఉండవలసింది. నోరు రాలేదు.

25వ రోజు, గురువారం

సైరన్‌కి గంట ముందే మా వంతు వచ్చింది. యంత్రం మొదట మా ఆయన మాట వినిపించింది, ఆయన గొంతుతోనే. "పెళ్ళి జరగలేదు. జాతకాలు కుదరలేదు."

"అంగీకరించుచున్నారా?" అని నూకరత్నాన్ని అడిగింది.

"లేదు" అంది ఆవిడ. "జాతకాలు బ్రహ్మాండంగా కుదిరాయి. నేనే వద్దన్నాను."

ఎర్రదీపం వెలిగింది. "అక్కా, ఆయన చెప్పిందే చెప్పకూడదా? ఓడ పోతుంది" అన్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. పట్టాభిగారు తల ఎత్తి చూశారు.

"అలా కాదమ్మాయ్. జాతకం బాలేదన్న మాట పట్టుకుని మా ఊళ్ళో నాకు ఇంకో సంబంధం రాలేదు. దోషం ఉందన్నారు. ఎనిమిదేళ్ళు నోరు మూసుకున్నాను. ఇప్పుడు సర్కారు కాగితం మీద కూడా నేనే ఒప్పుకోవాలా? వాణ్ణి చెప్పమను. 'నన్ను వద్దంది' అని రెండు ముక్కలు. నాలిక తెగిపోదు."

నిజమే. ఆవిడ మీద కోపం రావాలని చూశాను, రాలేదు. ఆ వచ్చిన కోపమంతా ఎవరి మీదో నాకు తెలుసు.

28వ రోజు, ఆదివారం

"ఏవండీ, మాట మార్చి చెప్పండి" అన్నాను.

"ఇక్కడి కౌంటర్ ఎలా ఉంటుందో నీకు తెలీదు. భోజనాల హాల్లోనే పెట్టారు. రెండొందల మంది వింటారు. అందరూ మన జిల్లా వాళ్ళే. ఒకమ్మాయి నన్ను కాదందని మైకులో చెప్పుకోనా? ఐదేళ్ళు వాళ్ళ మధ్య బతకాలి."

"ఇక్కడ లైన్లో తొంభై మంది చదివారండి, మీకు ఇంకో పెళ్ళాం ఉందని. నేను అక్కడే నిలబడ్డాను."

"దాన్నే కాస్త బతిమాలు వేణీ. ఆడవాళ్ళు ఆడవాళ్ళు మాట్లాడుకుంటే—"

"ఆవిణ్ణి 'అది' అనకండి."

ఆలస్యం. నా మాట సముద్రం దాటి వెళుతోందని నాకు తెలుస్తూనే ఉంది. వెనక్కి పిలవలేను.

"మీకు గది కావాలా వద్దా మీరే తేల్చుకోండి. ఇరవై ఎనిమిది మంది గుమ్మాలు ఎక్కాను. ఇంక నేను అడగను" అని ఫోను పెట్టేశాను. ఇంకా ఏడు నిమిషాలు మిగిలే ఉన్నాయి. కాసేపటికి గిన్నెలు లేని వంటింట్లోకి వెళ్ళి, మట్టి పిడతలో అన్నం వండుకున్నాను.

31వ రోజు, బుధవారం

ఏమీ రాలేదు. కార్యాలయానికి వెళ్ళాను. సైరన్ మోగింది. వచ్చాను.

33వ రోజు, శుక్రవారం

ఏమీ రాలేదు. నా ఆరోగ్య పత్రం గడువు రేపటితో అయిపోతుందట, దానికి వేరే ఫారం కావాలట, ఆ ఫారం ఇచ్చే కిటికీ శుక్రవారాలు తెరవరట. "ఎవరు పెట్టారండీ ఈ నియమం?" అని పట్టాభిగారిని అడిగాను. మొదటిసారే వినపడింది ఆయనకి. "నాకూ తెలీదమ్మా" అని, తన దగ్గరున్న పాత ఫారం ఒకటి సొరుగులోంచి తీసి ఇచ్చారు.

34వ రోజు, శనివారం

పొద్దున్నే రమ్మని కబురు. నూకరత్నం నాకన్నా ముందే వచ్చి కూర్చుంది, చేతులకి ఇంకా నాచు ఉంది. మా ఆయన కొత్త మాట వచ్చింది. యంత్రం వినిపించింది. వెనకాల పళ్ళేల చప్పుడు, ఎవరో నవ్వడం కూడా వినిపించాయి. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"నూకరత్నం నన్ను వద్దంది. జాతకాలు కుదిరాయి. పెళ్ళయ్యాక పడవ అమ్మేసి, నేనెక్కడికి పనికెళితే అక్కడికి రమ్మన్నాను. అక్కడ నేనేం చెయ్యాలి అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కోపమొచ్చి జాతకాల వంక చెప్పించాను. ఆమె తప్పేమీ లేదు. అంతే."

"అంగీకరించుచున్నారా?"

నూకరత్నం ముక్కు చీది, చెంగుతో తుడుచుకుని, "ఆ. అంతే" అంది. తర్వాత పట్టాభిగారితో, "ఈ మాట నాకో ప్రతి కావాలి బాబూ. ముద్రతో" అంది.

పచ్చదీపం. నివాస పత్రం నా చేతికిచ్చారు. పసుపు రంగు కాగితం, నా ఫొటోలో కళ్ళు మూసుకుని ఉన్నాను.

"ఇది మీరు అక్కడ ఓడ దిగి రేవులో కాలు పెట్టాకే అమల్లోకొస్తుందమ్మా" అన్నారు పట్టాభిగారు. "ఓడ నాలుగు రోజులు ఆగుతుంది. దిగకపోతే అదే ఓడలో ఊరికే వెనక్కి తెచ్చేస్తారు. అలా ఎవరూ చేయరు గానీ, చెప్పడం నా డ్యూటీ."

బయటికొచ్చాక నూకరత్నం నా భుజం మీద చెయ్యి వేసింది. "మరి నువ్వడిగావా అమ్మాయ్?"

"ఏంటక్కా?"

"అక్కడ నువ్వేం చెయ్యాలని."

లేదు. నేను అడగలేదు. నాకు తోచనే లేదు.

35వ రోజు, ఆదివారం

మా ఆయన గొంతు తేలికగా ఉంది. హాల్లో రెండు రోజులు ఆటపట్టించి ఊరుకున్నారట. ఒకతను వచ్చి, తనని కూడా ఇద్దరు వద్దన్నారని చెప్పుకున్నాడట. గదికి తాళంచెవి ఇచ్చారు, కిటికీ లేదు గానీ వెచ్చగా ఉంటుంది, నువ్వు రావడమే తరువాయి అన్నారు.

"ఏవండీ, అక్కడ నేనేం చెయ్యాలి?" అన్నాను.

ఆలస్యం.

"అంటే?"

"మీరు పొద్దున్న వెళితే పదహారు గంటల తర్వాత వస్తారు. గదికి కిటికీ లేదు. వంట హాల్లోనే. ముప్పై ఏడు గిన్నెలు తెస్తున్నాను. నేనేం చెయ్యాలి?"

"నూకరత్నం నేర్పిందా?"

"అడగమంది. ప్రశ్న నాదే."

ఆయన కాసేపు ఏదో అన్నారు. వచ్చాక చూద్దాం అన్నారు. చాలామంది ఆడవాళ్ళున్నారు, పొద్దుపోతుంది అన్నారు. నిమిషాలు అయిపోతున్నాయి.

"ఓడ ఎక్కుతాను. అంత తిరిగి, ఎక్కకుండా ఎందుకుంటాను?" అన్నాను. "కానీ దిగేది మీరు జవాబు చెప్పాకే. అక్కడ ఆడవాళ్ళకి ఏ పని ఇస్తారో, ఏం నేర్పుతారో, ఎవరిని అడగాలో కనుక్కుని రేవుకి రండి. ఓడ నాలుగు రోజులుంటుందట. నేను మెట్ల మీద నిలబడి ఉంటాను."

ఈసారి ఆలస్యం చాలా పెద్దది. ఫోను పోయిందనుకున్నాను. తర్వాత ఆయన, "ఎవరిని అడగాలో నాకు తెలీదు వేణీ" అన్నారు. మా పెళ్ళయ్యాక తెలియదన్న మాట ఆయన నోటి వెంట వినడం అదే మొదటిసారి.

"అడుగుతూ పోతే తెలుస్తుందండి. ఇరవై ఎనిమిది ఇళ్ళు తిరిగితే నాకు తెలియలేదూ?" అన్నాను. పదకొండు నిమిషాలూ అయిపోయాయి.

40వ రోజు, శుక్రవారం

పెట్టెకి సీలు వేశారు. రేపు తెల్లవారుజామున ఎక్కాలి. ఆయన దగ్గర నుంచి కబురేమీ లేదు. ప్రయాణం ఇరవై మూడు రోజులు, ఆ పైన రేవులో నాలుగు. తిరగడానికి ఆయనకి ఇరవై ఏడు రోజులున్నాయి. తపేలా అడుగున పేరు బయటపడ్డాక నాకు అన్ని ఇవ్వలేదు ఎవరూ.